నుదురా, పెడతలా? రష్యన్ల ఒళ్ళు చెప్పే చరిత్ర

18వ శతాబ్దపు రష్యాలో సైన్యానికి మనుషుల్ని ఎంచే గదిలో ఒక కొలబద్ద ఉండేది. ఊరినుంచి తోలుకొచ్చిన రైతు కుర్రాణ్ణి బట్టలిప్పించి దాని పక్కన నిలబెట్టేవాళ్ళు. ముందు పళ్ళు చూసేవాళ్ళు, తూటా పొట్లాన్ని పళ్ళతో కొరికి చింపాలి కాబట్టి. వేళ్ళన్నీ ఉన్నాయో లేదో చూసేవాళ్ళు, సైన్యం తప్పించుకోడానికి బొటనవేలు నరుక్కునేవాళ్ళు తక్కువేం కాదు కాబట్టి. అన్నీ సరిపోతే అధికారి ‘నుదురు’ అని కేకేసేవాడు. మంగలి అక్కడికక్కడే కుర్రాడి ముందు జుట్టు గొరిగేసేవాడు. ఇక ఎక్కడికి పారిపోయినా ఆ బోడి నుదురే పట్టిస్తుంది. పనికిరాడనుకుంటే ‘పెడతల’ అని కేక. వెనక జుట్టు గొరిగి ఇంటికి పంపేవాళ్ళు. మొదట్లో సైన్యం అంటే బతికున్నంతకాలం. 1793 నుంచి 25 ఏళ్ళు. నుదురు గొరిగించుకున్నవాణ్ణి సాగనంపేటప్పుడు ఇంట్లో ఆడవాళ్ళు శవం ముందు ఏడ్చినట్టు ఏడ్చేవాళ్ళు.

ఆ గదిలో గుమాస్తా రాసుకున్న ఎత్తు అర్షిన్లలో, వెర్షోక్‌లలో ఉండేది. అర్షిన్ అంటే 71 సెంటీమీటర్ల చిల్లర, వెర్షోక్ అంటే నాలుగున్నర సెంటీమీటర్లకు కాస్త తక్కువ. ఎదిగిన మనిషి ఎవరైనా రెండు అర్షిన్లు దాటే ఉంటాడు కనుక రష్యన్లు ఆ రెండూ మింగేసి, పైన మిగిలిన వెర్షోక్‌లే చెప్పేవాళ్ళు. పాత రష్యన్ కథల్లో ‘పన్నెండు వెర్షోక్‌ల మనిషి’ తగిలితే మరుగుజ్జు అనుకోకూడదు. అతను ఆరడుగుల అయిదంగుళాల ఆజానుబాహువు.

ఈ కాగితాలు కుప్పలుతెప్పలుగా మిగిలాయి. రాజులు, యుద్ధాలు, మంత్రుల మీద రాసిన చరిత్రలకంటే ఈ దుమ్ము పట్టిన పట్టికలే రష్యన్ పల్లె ఎలా బతికిందో చెప్పడానికి ఎక్కువ పనికొస్తాయి. ‘అప్పట్లో రైతు ఎంత సంపాదించేవాడు?’ అని అడిగితే జవాబు లేదు మరి. తిండిగింజలు సొంత చేలోవి, బట్ట ఇంట్లో నేసింది, భూస్వామికి కట్టే శిస్తు సగం చోట్ల వారానికి మూడు రోజుల వెట్టి. రూపాయి చేతులు మారని చోట జీతాల లెక్క, ధరల లెక్క ఎక్కడ దొరుకుతుంది? ఒళ్ళు మాత్రం లెక్క రాసుకుంటుంది. ఒక మనిషి పొడుగా పొట్టా అనేది చాలావరకు తల్లిదండ్రుల పోలిక. లక్షమంది సగటు ఎత్తు మాత్రం చిన్నప్పుడు వాళ్ళ కంచంలో ఏం పడింది, ఎన్నిసార్లు జబ్బు పడ్డారు, ఏ వయసులో పనికి వంగారు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

సెయింట్ పీటర్స్‌బర్గ్ చరిత్రకారుడు బోరిస్ మిరోనోవ్ ఈ పట్టికల మీద ఏళ్ళ తరబడి కూర్చున్నాడు. ఆయన లెక్కలో తేలింది ఇది: 18వ శతాబ్దంలో రష్యన్ మగవాడి సగటు ఎత్తు పెరగకపోగా, శతాబ్దం చివరికి సుమారు నాలుగైదు సెంటీమీటర్లు తగ్గింది. సరిగ్గా ఆ వందేళ్ళనే పాఠ్యపుస్తకాలు రష్యా వైభవ యుగం అంటాయి. పీటర్ చక్రవర్తి బాల్టిక్ ఒడ్డున కొత్త రాజధాని కట్టాడు; కేథరిన్ రాణి సామ్రాజ్యాన్ని నల్లసముద్రం దాకా తీసుకెళ్ళింది; శీతాకాల ప్రాసాదం లేచింది. ఆ ఖర్చుకు డబ్బెక్కడిది? 1724లో మొదలైన తలపన్ను ప్రకారం రైతు కుటుంబంలో ప్రతి మగ తలకీ, ఉయ్యాల్లో ఉన్న పసివాడు సహా, ఏడాదికి 74 కోపెక్‌లు (నూరు కోపెక్‌లు ఒక రూబుల్). దాని మీద భూస్వామి శిస్తు, దాని మీద వెట్టి, దాని మీద సైన్యానికి మనిషి. సామ్రాజ్యం పొడుగవుతున్నకొద్దీ దాన్ని మోస్తున్న రైతు పొట్టి అవుతూ వచ్చాడు.

అయితే ఈ కొలబద్దని గుడ్డిగా నమ్మడానికి లేదు. సైన్యంలో చేరాలంటే కనీస ఎత్తు ఒకటి ఉండేది: మామూలుగా 2 అర్షిన్ల 4 వెర్షోక్‌లు, అంటే 160 సెంటీమీటర్లు. అంతకంటే పొట్టివాళ్ళు పట్టికలోకే రారు. యుద్ధంలో మనుషులు చాలకపోతే ఆ గీత కిందికి దిగేది. శాంతి వస్తే మళ్ళీ పైకి. పైగా భూస్వామి తన సెర్ఫుల్లో (అంటే భూమితోపాటు అతని సొత్తుగా ఉండే వెట్టి రైతుల్లో) గట్టిగా పనిచేసేవాణ్ణి దగ్గరుంచుకుని, తాగుబోతునో తగవులమారినో పంపించేవాడు. కాబట్టి గుమాస్తా రాసిన సగటు ఊరి సగటు కాదు. గణితంతో దీన్ని సరిచేసే పద్ధతులున్నాయి కానీ ఎవరి పద్ధతి వాళ్ళది, తేలే అంకె కూడా ఎవరిది వాళ్ళకే. 1874లో యుద్ధమంత్రి మిల్యూతిన్ అందరికీ సైనిక సేవ తప్పనిసరి చేసి, కనీస ఎత్తును 153 సెంటీమీటర్లకు దించాక గానీ పట్టికలోకి నిజమైన జనం రాలేదు.

1861లో సెర్ఫుల విముక్తి జరిగింది. ఆ తర్వాత పుట్టిన తరాల ఎత్తు పెరుగుతూ పోయింది. ఇక్కడే పెద్ద గొడవ మొదలైంది. మిరోనోవ్ వాదన సూటిగా ఉంటుంది: జనం పొడుగవుతున్నారంటే తిండి మెరుగైందన్నమాట, కాబట్టి 1917 విప్లవం ఆకలి వల్ల పుట్టిందనే మాట నిలవదు. సెర్గేయ్ నెఫ్యోదోవ్ వంటి చరిత్రకారులు దీన్ని ఒప్పుకోలేదు. జనాభా పెరిగి భూమి చాలక, ఎగుమతి పోగా తలకు మిగిలే ధాన్యం బొటాబొటీగానే ఉండేదని వాళ్ళు లెక్కలు చూపించారు. రష్యన్ పత్రికల్లో ఈ వాదులాట చాలాకాలం సాగింది, మర్యాద హద్దులు కూడా అక్కడక్కడా దాటింది. రష్యాలో ఇలాంటి చర్చ ఎత్తుల దగ్గర ఆగదు కదా. ‘జార్ కాలమే బాగుంది’ అనేవాళ్ళకీ ‘అందుకే విప్లవం వచ్చింది’ అనేవాళ్ళకీ మధ్య పాత పంచాయితీ అది.

నిజానికి ఇద్దరి మాటా ఒకేసారి చెల్లే అవకాశం ఉంది. సగటున తిండి మెరుగవుతున్న దేశంలో కూడా, వాన మొహం చాటేసిన ఏడాది ఒక ప్రాంతం మొత్తం చావొచ్చు. 1891లో వోల్గా ప్రాంతంలో అదే జరిగింది. అప్పటి ఆర్థికమంత్రి విష్నెగ్రాద్‌స్కీ బంగారం నిల్వల కోసం ధాన్యం ఎగుమతిని తోశాడు. పన్నులు వసూలు చేసే కాలాన్ని కోతల సమయానికి జరిపితే రైతు గింజలు అమ్మక తప్పదు. ‘మనకు కడుపు నిండకపోయినా సరే, ఎగుమతి చేసి తీరతాం’ అన్న మాట ఆయన పేరుతోనే జనం నోళ్ళలో మిగిలింది. పంట పోయేసరికి ఇళ్ళలో మిగులు లేదు. రై అనే ధాన్యం పిండి చాలక లెబెదా అనే కలుపు మొక్క గింజలు దంచి కలిపి రొట్టె కాల్చుకున్నారు. అది నల్లగా, చేదుగా, ముట్టుకుంటే పొడిపొడిగా రాలిపోయేది. ఉత్తిదే తింటే వాంతులయ్యేవి. టాల్‌స్టాయ్ రియజాన్ ప్రాంతంలోని బెగిచెవ్‌కా ఊరికి వెళ్ళి వంటశాలలు తెరిచింది ఈ కరువులోనే. ఆకలికి 1892లో కలరా తోడైంది. చనిపోయినవాళ్ళు సుమారు నాలుగైదు లక్షలు. ఎగుమతి నిషేధం వచ్చింది, కానీ అప్పటికే చాలా ధాన్యం ఓడలెక్కింది.

ఎత్తు గురించి ఇంత చెప్పుకున్నాక ఒక సంగతి మరిచిపోకూడదు. కొలబద్ద దగ్గరికి వచ్చినవాళ్ళంతా బతికి బట్టకట్టినవాళ్ళే. అసలు లెక్క అంతకంటే ముందు, ఉయ్యాల దగ్గర ఉంది.

19వ శతాబ్దం చివర్లో యూరోపియన్ రష్యాలో పుట్టిన పిల్లల్లో నాలుగో వంతుకు పైగా ఏడాది నిండకుండానే చనిపోయేవాళ్ళు. పదిమందిలో నలుగురు అయిదో పుట్టినరోజు చూసేవాళ్ళు కాదు. 1897 జనాభా లెక్కల నాటికి సగటు ఆయుర్దాయం 30 చుట్టూ తిరుగుతుండగా స్వీడన్‌లో 50 దాటింది. అంటే రష్యన్లు ముప్పయ్యేళ్ళకే ముసలివాళ్ళై పోయేవారని కాదు. ఇరవై ఏళ్ళ దాకా బతికినవాడు యాభై అయిదు, అరవై కూడా చూసేవాడు. చావంతా మొదటి మెట్టు దగ్గరే కాపు కాసేది.

ఎందుకు? బీదరికం అంటే తప్పు కాదు గానీ సగమే చెప్పినట్టు. జెమ్‌స్త్వో అనే స్థానిక పాలక సంస్థలు 1864లో ఏర్పడ్డాక పల్లెలకు వెళ్ళిన డాక్టర్లు ఒక వింత గమనించారు. వోల్గా తీరంలో పక్కపక్క ఊళ్ళలోనే రష్యన్లూ, తాతార్ ముస్లింలూ ఉండేవాళ్ళు. తాతార్లు ఏ మాత్రం కలిగినవాళ్ళు కాదు, ఇళ్ళూ అంతంతమాత్రమే. అయినా వాళ్ళ పసిపిల్లలు రష్యన్ పిల్లలకంటే ఎక్కువమంది బతికేవాళ్ళు. తేడా తల్లిపాల దగ్గర ఉంది. తాతార్ తల్లులు చాలాకాలం పాలిచ్చేవాళ్ళు. రష్యన్ ఇళ్ళలో పుట్టిన కొద్దిరోజులకే పసివాడి నోట్లో ‘సోస్కా’ పెట్టేవాళ్ళు. సోస్కా అంటే ఒక గుడ్డముక్క. అందులో అమ్మమ్మో నాయనమ్మో నమిలిన రై రొట్టె, లేదా గంజిలాంటి కాషా మూటకట్టి ఇస్తే పిల్లవాడు చీకుతూ పడుకుంటాడు.

కోతల కాలాన్ని రష్యన్లు ‘స్త్రాదా’ అంటారు. బాధపడటం అనే మాటకీ దీనికీ వేరు ఒకటే. జూలై, ఆగస్టు నెలల్లో తల్లి తెల్లవారకముందే చేలోకి వెళితే చీకటి పడ్డాకే తిరిగి రావడం. పసివాడు ఇంట్లో ముసలమ్మ దగ్గరో, ఆరేడేళ్ళ అక్క దగ్గరో ఉంటాడు. ఎండకి సోస్కా పులుస్తుంది. ఈగలు వాలతాయి. కింద పడితే అదే మళ్ళీ నోట్లోకి. విరేచనాలు పట్టుకుంటే రెండు మూడు రోజుల్లో అయిపోయేది. ఏ నెలలో ఎంతమంది పసివాళ్ళు పోయారో గీత గీస్తే వేసవిలో అది కొండలా లేస్తుంది. ‘దేవుడిచ్చాడు, దేవుడే తీసుకున్నాడు’ అనేది అక్కడ నిత్యం వినపడే మాట. మంత్రి ఎగుమతి విధానం మారినంత మాత్రాన సోస్కా మారదు. తల్లికి పని తగ్గాలి, లేదా చదువు రావాలి. 1897లో అక్షరాస్యులు నూటికి 21 మంది. ఆడవాళ్ళలో ఇంకా తక్కువ.

1914 తర్వాతి ఎనిమిదేళ్ళు లెక్కలకు అందవు. ప్రపంచయుద్ధం, విప్లవం, అంతర్యుద్ధం, టైఫస్. ఇరవై లక్షలు దాటిన పెట్రోగ్రాద్ (సెయింట్ పీటర్స్‌బర్గ్‌కి అప్పటి పేరు) జనాభా 1920కి ఏడు లక్షల చిల్లరకు పడిపోయింది. చచ్చినవాళ్ళు కొందరైతే, తిండి కోసం పల్లెకు పారిపోయినవాళ్ళు ఎందరో. 1919 చివర్లో లెనిన్ ఒక సభలో ‘పేలైనా సోషలిజాన్ని ఓడిస్తాయి, సోషలిజమైనా పేలని ఓడిస్తుంది’ అన్నాడు. టైఫస్‌ని మోసేది ఒంటి పేను, ఆ మాట అక్షరాలా నిజం. 1921-22 వోల్గా కరువులో సుమారు 50 లక్షలమంది పోయారు. హెర్బర్ట్ హూవర్ నడిపిన అమెరికన్ సహాయ సంస్థ ఒక దశలో రోజుకు కోటిమందికి పైగా అన్నం పెట్టింది. పెట్టుబడిదారీ దేశం పంపిన మొక్కజొన్న గంజితో ఒక సోషలిస్టు తరం బతికిందన్న సంగతి తర్వాతి సోవియట్ పుస్తకాల్లో పెద్దగా కనిపించదు.

1932-33 కరువు వేరే రకం. బలవంతపు సమష్టి వ్యవసాయం, మోయలేని ధాన్యం కోటాలు, ఊళ్ళ చుట్టూ కాపలాలు కలిసి చేసిన చావు అది. ఎక్కువగా నష్టపోయింది ఉక్రెయిన్, కజకిస్తాన్. రష్యాలో కుబాన్, వోల్గా ప్రాంతాలు కూడా ఖాళీ అయ్యాయి. మొత్తం ఎంతమంది అన్నది 1937 జనాభా లెక్కల్లో బయటపడాలి. గుమాస్తాలు ఇంటింటికీ తిరిగి 16 కోట్ల 20 లక్షలని తేల్చారు. పైవాళ్ళు ఆశించినదానికి కొన్ని దశలక్షలు తక్కువ. లేని మనుషుల గురించి సంజాయిషీ ఇచ్చుకోడం కంటే లెక్కనే రద్దు చేయడం తేలిక అనుకున్నారు. ఆ లెక్కలు నడిపిన అధికారుల్ని అరెస్టు చేశారు. వాళ్ళలో ఒకరైన ఒలింపీ క్విత్కిన్‌ని కాల్చి చంపారు. 1939లో కొత్తగా లెక్కపెట్టిన కొత్త అధికారులు కావలసిన అంకెకు దగ్గరగానే చెప్పారు.

ఆ తర్వాత యుద్ధం. సోవియట్ యూనియన్ మొత్తం మీద చనిపోయినవాళ్ళు సుమారు 2 కోట్ల 66 లక్షలు. 872 రోజుల లెనిన్‌గ్రాద్ (అదే నగరానికి సోవియట్ పేరు) ముట్టడిలో 1941 నవంబర్ 20 నుంచి డిసెంబర్ 25 దాకా ఉద్యోగికీ, పిల్లవాడికీ, ఇంట్లో ఉండే ముసలివాళ్ళకీ రోజుకు ఇచ్చిన రొట్టె 125 గ్రాములు. అరచేయంత ముక్క. అందులో కూడా పిండి కొంతే, మిగతాది చెక్క, సెల్యులోజ్ వంటివి. తడిగా, జిగటగా ఉండేది కనుక తూకం తూగేది కానీ కడుపు నిండేది కాదు.

ఇంత చావు చూసిన దేశంలో, యుద్ధం ముగిసిన పదిహేనేళ్ళలో జరిగింది మాత్రం మామూలు విషయం కాదు. 1940లో రష్యాలో వెయ్యిమంది శిశువుల్లో 200 పైగా చనిపోయేవాళ్ళు. 1960కి ఆ సంఖ్య 37 దగ్గరికి వచ్చింది. సల్ఫా మందులు, పెన్సిలిన్, టీకాలు, ప్రసూతి కేంద్రాలు, ఊరూరా ఫెల్షర్ అనే సగం డాక్టరు, అక్షరం వచ్చిన తల్లులు. సోస్కా గుడ్డ వెనకపడింది. పిల్లల ఎత్తు, బరువు కూడా వేగంగా పెరిగాయి; అమెరికన్ ఆర్థికవేత్త ఎలిజబెత్ బ్రెయినర్డ్ సోవియట్ వైద్య రికార్డులు తిరగేసి ఇది కాగితం మీది గొప్పలు కావని తేల్చింది. 1957 నుంచి అయిదంతస్తుల క్రుష్చేవ్ ఫ్లాట్లు వరసగా లేచాయి. గోడలు పల్చన, వంటగదిలో ఇద్దరు నిలబడితే మూడోవాడు బయటే. అయినా ఉమ్మడి ఫ్లాట్‌లో నాలుగు కుటుంబాలకి ఒక పొయ్యి, ఒక మరుగుదొడ్డి ఉన్నచోటునుంచి వచ్చినవాళ్ళకి అదే స్వర్గం. పల్లెవాళ్ళ వంతు ఆలస్యంగా వచ్చింది. సమష్టి క్షేత్రాల రైతులకు పెన్షన్ చట్టం 1964లో, అంతర్గత పాస్‌పోర్టు 1974 తర్వాత.

మాస్కో నుంచి తెలుగు ఇళ్ళకు వచ్చిన నునుపు కాగితాల రంగుల పత్రికల్లో, ఆ తర్వాత స్కూలు పుస్తకాలకు అట్టలైన ఆ పేజీల్లో, కనిపించిన బుగ్గల పిల్లలు ఈ కాలం వాళ్ళే. ఆ బొమ్మలు ప్రచారం, నిజమే. కానీ పిల్లల బుగ్గలు అబద్ధం కాదు. ఆ పత్రికలు చూపించని మనిషి ఒకడున్నాడు: నలభై దాటిన నాన్న.

1964-65 నాటికి రష్యాలో మగవాళ్ళ ఆయుర్దాయం దాదాపు 65 ఏళ్ళు, ఆడవాళ్ళది 73. పశ్చిమ దేశాలకు కూతవేటు దూరం. అక్కడినుంచి ముందుకు పోవాల్సింది వెనక్కి తిరిగింది. తర్వాతి పదిహేనేళ్ళలో ఇళ్ళలోకి ఫ్రిజ్ వచ్చింది, టీవీ వచ్చింది, కంచంలో మాంసం పెరిగింది. జీవన ప్రమాణం అని మనం దేన్నంటామో అదంతా పెరిగింది. 1980కి మగవాడి ఆయుర్దాయం 61 చిల్లరకు జారింది. యుద్ధం లేదు, కరువు లేదు. పేదరికం తగ్గితే ఆయుష్షు పెరుగుతుందనే మామూలు లెక్క ఇక్కడ ఫెయిలైంది.

కారణం ఒక్కటే కాదు. సోవియట్ వైద్యం అంటువ్యాధుల మీద యుద్ధానికి కట్టిన సైన్యం. టీకా వేయమంటే కోటిమందికి వేస్తుంది, కలరా వస్తే ఊరికి ఊరే మూసేస్తుంది. బీపీ అలా లొంగదు. పాతికేళ్ళపాటు రోజూ మాత్ర వేసుకోవాలి, ఉప్పు తగ్గించాలి, సిగరెట్ మానాలి. మనిషి తన ఒంటి సంగతి తాను పట్టించుకోవాలి. ‘నీ ఆరోగ్యం నేను చూసుకుంటా’ అని ప్రభుత్వం యాభై ఏళ్ళు చెప్పిన చోట ఆ అలవాటు ఎక్కడినుంచి వస్తుంది? గుండెజబ్బులు పెరుగుతూ పోయాయి.

రెండోది సారా. రష్యన్ భాషలో ‘ముగ్గురికి’ అనే మాట ఉంది. 1960లలో అరలీటరు వోడ్కా ధర 2 రూబుళ్ళ 87 కోపెక్‌లు. షిఫ్టు దిగాక షాపు ముందు ఒక మనిషి నిలబడి వచ్చేపోయేవాళ్ళ వైపు చూస్తాడు. ముక్కూమొహం తెలియని ఇంకో ఇద్దరు కలుస్తారు. తలా ఒక రూబుల్. మిగిలిన చిల్లరతో ఒక చీజ్ ముక్క. ఏ మెట్ల కిందో, చెట్టు కిందో సీసా పదినిమిషాల్లో ఖాళీ, ఎవరి దారిన వాళ్ళు. ఇక్కడ మందు తిండితోపాటు కొంచెం కొంచెంగా తాగేది కాదు, ఒక్క గుక్కలో దింపేది. గుండెకూ మెదడుకూ చేటు చేసింది ఆ పద్ధతే. వోడ్కా మీద రాబడి ఖజానాకు ఎంత ముఖ్యమంటే, 1890లలో జార్ మంత్రి విత్తే మొదలుపెట్టిన ప్రభుత్వ గుత్తాధిపత్యాన్ని 1920లలో బోల్షెవిక్కులు మళ్ళీ తెచ్చుకున్నారు. ఎక్సైజ్ రాబడి మీద బడ్జెట్లు నడిపే తెలుగు రాష్ట్రాల పాఠకులకు ఈ ఇరకాటం విడమరిచి చెప్పక్కర్లేదు.

1970లలో శిశుమరణాలు కూడా తగ్గడం మానేసి పెరిగినట్టు కనిపించాయి. ఆ దశాబ్దం మధ్యనుంచి ఆ అంకెలు అచ్చుకావడం ఆగిపోయింది. 1937లోలాగా ఎవర్నీ కాల్చలేదు, పట్టికలోంచి ఒక నిలువు గడి మాయమైందంతే. అమెరికాలో క్రిస్టఫర్ డేవిస్, మర్రీ ఫెష్‌బాక్ 1980లో ఆ మాయమైన గడి గురించే రాసి గగ్గోలు పుట్టించారు. పెరుగుదలలో కొంత, మధ్య ఆసియా రిపబ్లిక్కుల్లో అంతకుముందు లెక్కకు రాని మరణాలు నమోదుకావడం వల్లేనని తర్వాత చర్చ జరిగింది. ఆ సంగతి అప్పుడే అంకెలతో సహా చెప్పి ఉంటే సరిపోయేది. దాచడంతో అనుమానం రెట్టింపైంది.

1985 మేలో గోర్బచేవ్ మద్యం మీద పడ్డాడు. షాపులు మూశారు, వేళలు తగ్గించారు, ద్రాక్షతోటలు నరికించారు. ఇళ్ళలో నాటుసారా కాచేవాళ్ళ దెబ్బకి అంగళ్ళలో చక్కెర కనపడకుండా పోయింది. జనం తిట్టుకున్నారు, ఖజానా ఖాళీ అయింది. కానీ రెండేళ్ళలోనే మగవాళ్ళ ఆయుర్దాయం దాదాపు 65కి తిరిగి వచ్చింది. ఇంత తక్కువ కాలంలో ఇంత ఆయుష్షు తిరిగిరావడం శాంతికాలంలో ఎక్కడోగానీ కనిపించదు. రాజకీయంగా అట్టర్ ఫ్లాప్ అయిన ఆ కార్యక్రమం ప్రాణాల లెక్కలో పెద్ద విజయం. ఈ రెండింటినీ కలిపి చెప్పేవాళ్ళు తక్కువ.

1992 జనవరి 2న ధరల మీద అదుపు ఎత్తేశారు. ఆ ఒక్క ఏడాదిలో ధరలు పాతిక రెట్లు దాటాయి. దాచుకున్న డబ్బు ఆవిరి, ఫ్యాక్టరీలో నెలల తరబడి జీతం లేదు, సీసా మాత్రం మళ్ళీ చవక. 1994కి మగవాడి ఆయుర్దాయం 57 చిల్లర. ఆడవాళ్ళతో తేడా 13 ఏళ్ళు దాటింది.

ఆ చావులు ఆకలి చావులనే అభిప్రాయం చాలామందికి ఉంది. ఆకలి ఉంది, కానీ లెక్క అది చెప్పదు. ఊరి బయట దాచా అనే 600 చదరపు మీటర్ల తోట స్థలాల్లో జనం బంగాళాదుంపలు పండించుకున్నారు. ఆ దశాబ్దంలో దేశంలోని దుంపల్లో సింహభాగం ఇలాంటి పెరళ్ళనుంచే వచ్చింది. ఆకలికి ముందుగా రాలిపోయే పసివాళ్ళూ ముసలివాళ్ళూ ఈసారి అంతగా పోలేదు. పోయింది ముప్పై అయిదు నుంచి అరవై మధ్య మగవాళ్ళు. క్యాన్సర్ మరణాలు దాదాపు మారలేదు. గుండె, ప్రమాదాలు, హత్యలు, ఆత్మహత్యలు, సారా విషం పెరిగాయి. మాస్కోలో ఏ రోజు ఎంతమంది గుండెజబ్బుతో పోయారో పరిశోధకులు లెక్కగడితే శని, ఆది, సోమవారాల్లో ఎక్కువని తేలింది. ఆకలికీ బీపీకీ వారాలు తెలియవు. వారాంతం తెలిసింది సీసాకి. అయితే ఆ సీసా వెనక టెన్షన్ ఉంది, పోయిన ఉద్యోగం ఉంది, ఇంటికి ఖాళీ చేతులతో వెళ్ళలేని నాన్న ఉన్నాడు. సంస్కరణల వేగమే చంపిందా, లేక గోర్బచేవ్ కాలంలో తప్పిన చావులే వాయిదాపడి వచ్చాయా అని ఆర్థికవేత్తలు ఇంకా తగువాడుకుంటున్నారు. రెండూ కలిసే పనిచేశాయనిపిస్తుంది.

2003 తర్వాత గాలి మారింది. మద్యం మీద పన్నులు, కనీస ధర, రాత్రిపూట అమ్మకాల నిషేధం వరసగా వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2003-2016 మధ్య తలసరి మద్యం వాడకం 43 శాతం తగ్గింది. అట్టడుగున ఉన్నవాళ్ళు చవక ద్రవాలకు మళ్ళారు. 2016 డిసెంబర్‌లో ఇర్కూత్‌స్క్‌లో స్నానపు లోషన్ తాగి 70 మందికి పైగా చనిపోయారు. అయినా మొత్తం మీద 2019కి మగవాళ్ళ ఆయుర్దాయం 68 దాటింది, ఆడవాళ్ళది 78. తర్వాత కోవిడ్ మొత్తం సగటును 73 నుంచి 70కి లాగేసింది.

ఆ మంచి రోజుల్లోనే, 2018లో, ప్రభుత్వం పెన్షన్ వయసు పెంచింది: మగవాళ్ళకు 60 నుంచి 65, ఆడవాళ్ళకు 55 నుంచి 60. ఆయుష్షు పెరిగింది కదా అన్నది ప్రభుత్వ వాదన. జనం వీధుల్లోకి వచ్చారు. మగవాడి ఆయుర్దాయం 67, పెన్షన్ 65కి, ఇక తినేది రెండేళ్ళేనా అని అడిగారు. లెక్క తెలిసినవాళ్ళు తల అడ్డంగా ఊపారు. 67 అనేది పుట్టినప్పటి సగటు. అరవై దాకా వచ్చినవాడు ఇంకో పదిహేను పదహారేళ్ళు బతుకుతాడు. అది సరైన లెక్కే. కానీ అదే పట్టికలో ఇంకో వరస ఉంది. అప్పటి మరణాల రేటు చూస్తే పదిమంది మగవాళ్ళలో ముగ్గురికి పైగా 65 దాకా రానేరారు. పనిచేసినన్నాళ్ళూ వాళ్ళ జీతం లెక్కన యజమాని పెన్షన్‌కు డబ్బు కడుతూనే ఉంటాడు.